కుట్లు

మత్తు దిగక, గోడకి ఢీకొట్టుకుంటూ
మిషను కిందికి దూరింది మా జరీ.
నాలుగు కుట్లు. లెక్కపెట్టాను.
డాక్టరమ్మ చెయ్యి మంచిదే,
నేనైతే ఇంకాస్త దగ్గరగా వేసేదాన్ని.

నాకకుండా లైనింగు గుడ్డతో చొక్కా కుట్టి తొడిగితే
రెండ్రోజులు నా మొహం చూళ్ళేదు.

సంగడిగుంట మగపిల్లులు
ఇంకా వస్తున్నాయి రాత్రుళ్ళు రేకుల మీదికి.
మొన్నటిదాకా ముందు తనే పిలిచేది.
ఇప్పుడు చెవి తిప్పుతుంది, అంతే.
గుంటూరు యార్డు మిర్చి ఘాటుకి ఓసారి తుమ్మి
మళ్ళీ ముడుచుకుంటుంది.

ఐదోరోజు దారం రీలు దొర్లించింది.
"పదిరోజులు కదలనివ్వకమ్మా" అన్నారు దాన్ని.

నాకు పెద్దాసుపత్రిలో
ఆపరేషనైన మూడోనాడే
పెళ్ళివాళ్ళ జాకెట్లు పదకొండు.
మిషను తొక్కినప్పుడల్లా పొత్తికడుపు కలుక్కుమనేది.

ఇవాళ పాదం ఆపి కూర్చున్నాను.
జాకెట్టుకొచ్చినావిణ్ణి రేపు రమ్మన్నాను.
కింద పడుకుంది కదా.