కింది హద్దు

పర్లాకిమిడి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదర
రేకుల షెడ్డు కింద ముప్పై రెండేళ్లుగా
ఊళ్లో నేలంతా నేనే రాశాను.
తెలుగులో విని, ఒడియాలో రాసి,
మళ్లీ తెలుగులో చదివి వినిపించి.

తూర్పున బిసోయి వారి జీడితోట.
దక్షిణాన సర్కారు గెడ్డ.
పడమట కొమ్ముపని చేసే మహారాణాల పెరడు.
ఉత్తరాన, నువ్వు మాట్లాడ్డం మానేసిన తమ్ముడి వాటా.
ఒడియాలో చౌహద్ది అంటారు.
నాలుగూ చెప్తే చాలు, నేల నేలవుతుంది.
ఐదోది ఎవరూ అడగలేదు.

మొన్న చవితి ముందు రాత్రి అడిగాడొకడు.

కలలోనూ షెడ్డే. రేకుల మీద
చప్పుడు లేని వాన.
నా వయసే వాడిది, నా చొక్కాయే,
గుండీలు మాత్రం అటువి ఇటు.
ఇంటికి దస్తావేజు రాయాలన్నాడు.
హద్దులు చెప్పమన్నాను.
"కింద" అన్నాడు.
నవ్వొచ్చింది. కింద ఏముంటుందయ్యా?
"నువ్వు తొక్కేసిందంతా."

పేరు అడిగాను.
దండాసి, అన్నాడు.

నా కలం అక్కడ ఆగిపోయింది.
దండాసి మా మామ్మ పెట్టిన పేరు.
బడిలో ఉపేంద్ర మాస్టారు దాన్ని కొట్టేసి
దయానిధి అని రాశారు, ఉద్యోగానికి పనికొస్తుందని.
ఆ వారమే నా ఎడమచేతిని
తువ్వాలుతో బెంచీకి కట్టారు.
కుడిచేత్తో దిద్దాను, గీత వంకర పోకుండా.

దయానిధి మంచివాడు.
దయానిధి గొంతు పెంచడు.
చిన్నాన్న మా వాటా రాయించుకున్న కాగితం కూడా
తనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు,
రాతకూలి పుచ్చుకోలేదు.
ఆ కోపం ఎటు పోయిందని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
తువ్వాలు విప్పిన రోజు బెంచీ కిందకి దిగిపోయిన గుంటడు
యాభయ్యేళ్లూ అక్కడే పెరిగాడన్నమాట.
మీసం కూడా నెరిసింది.

"అమ్ముతావా, కొంటావా?"
"రెండూ కాదు. స్వాధీనంలో ఉన్నాను."
నా కలం లాక్కుని ఎడమచేత్తో రాయడం మొదలెట్టాడు.
అది ఒడియా కాదు, తెలుగు కాదు.
చదవగలిగాను.
లేచాక ఒక్క ముక్క గుర్తులేదు.
నిద్రలో గోడని గుద్దానని సుభాషిణి అంది.
ఏ చేత్తో అని అడగలేకపోయాను.

మర్నాడు గుమ్మా కొండల్నించి జమని సబర వచ్చింది,
మనవరాలికి ఆరు డిసిమిల్ల చెక్క రాసివ్వడానికి.
సవర మాట నాకు సగమే వచ్చు.
వారసులంతా ఒప్పుకున్నారా అన్నాను, ఫారంలో ఉంది గనక.
"పైనున్నోళ్లు ఒప్పుకున్నారు.
కిందున్నోళ్లని రాత్రి అడిగాను" అంది,
చింతపండు ధర చెప్పినట్టు.

వాళ్ల ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో
పోయినవాళ్లకి ఇల్లు గీస్తారు.
మెట్లు, ఏనుగు, గొడుగు, ఈమధ్య సైకిలు.
ఇల్లిస్తే గానీ వాళ్లు
మన ఒంట్లో కాపురం మానరట.
ఎన్నేళ్లుగానో విన్న మాటే.
ఆవేళ వినపడింది.

సిరామెత్త తెరిచాను. ఎడమ బొటనవేలు.
చట్టానికి ఎప్పుడూ అదే కావాలి.
సంతకం నేర్చిన చెయ్యి అబద్ధమాడొచ్చని
దొరల కాలంలోనే ఎవడికో తెలిసుంటుంది.
కాగితం మీద చుట్టలు చుట్టలుగా నీలం,
పైనుంచి తొంగిచూసిన నుయ్యిలా,
వొర లోపల వొర,
నడిమన నీళ్లున్నాయో లేదో తెలీని చుక్క.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక
పాడైన స్టాంపు కాగితం వెనక్కి తిప్పి
కలం ఎడమచేతికిచ్చాను.
"ద" రాసింది.
చితికిన తేలులా ఉంది.
రెండు పేర్లకీ అదే మొదలు.
తర్వాత ఎటు పోతుందో దాని ఇష్టానికి వదిలేశాను.

మహేంద్రతనయ వైపు నుంచి గాలొచ్చి
కాగితం అంచు లేపింది.
కుడిచెయ్యి, అలవాటు లేని పని,
దాన్ని కదలకుండా పట్టుకుంది.