మైనస్ డెబ్బై

మూడో అంతస్తు వరండాలో
పదకొండేళ్లుగా గురక పెడుతున్న ఫ్రీజరు.
తలుపు తీస్తే, మంచు పెచ్చుల కింద
ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్లిపోయినవాళ్ల చేతిరాతలు.
"పారేయొద్దు, కుముద" అని ఒక సీసా మీద.
ఏ కుముదో ల్యాబులో ఎవరికీ తెలీదు.
నాలుగిళ్ల కరెంటు తాగుతూ
ఆమె మాట మాత్రం నిలబెడుతూ వచ్చిందది.

శనివారమంతా ఏరాం, నేనూ తేజోవతీ,
వేళ్లు కొంకర్లు పోతుంటే.
రెండు ఫ్రీజర్లు ఒకటయ్యాయి.
ఉన్నదాన్ని మైనస్ ఎనభై నుంచి డెబ్బైకి తెచ్చాం.
కణాలకేమీ కాలేదు,
ప్రొఫెసరు గారికే రాత్రంతా నిద్ర లేదు.

ప్లగ్గు పీకగానే
వరండా ఎంత నిశ్శబ్దమైందంటే
కింద సైకిల్ స్టాండు రేకు మీద
చినుకులు లెక్కపెట్టొచ్చు.

సోమవారం రాత్రి కాపలా సిద్దలింగయ్య
ఖాళీ గోడ ముందు నిలబడి
కన్నడంలో, మెల్లగా అడిగాడు:
దాని వెనకే కదమ్మా వెచ్చగా ఉండేది,
ఈ బెంగళూరు డిసెంబరులో
నేనూ పిల్లీ ఎక్కడ పడుకోవాలి?

ఏడాదికెన్ని టన్నులు తగ్గించామో రాసే కాగితంలో
ఆ ప్రశ్నకు గడి లేదు.

కుముద సీసా ఒక్కటీ పారేయలేదు నేను.
రేపు చిక్కపేట వెళ్లి
ఒక రగ్గు కొనాలి.