లిస్టుల లేని కొర్రమట్ట

పోయినేడు మిరుగం నాడు పెదవి ఉబ్బితే
గండుచీమ కుట్టిందనుకున్నం.
ఈ ఏడు గొంతు పట్టింది.
పులుసు ఇంకా పొయ్యి మీదనే ఉంది,
ఒక్కటే ముద్ద నమిలింది సంహిత.
ధర్మసాగరం నుంచి హన్మకొండ దాకా
బండి మీద నాకూ దాని తల్లికీ నడుమ
నా నడుం పట్టుకున్న చిన్న చేతులు
ముందు గట్టిగ,
కాజీపేట దాటినంక వదులుగ.

సూది పడ్డది. బతికింది.
అంతకంటె ఎక్కువ చెప్పరాదు నాకు ఆ దినం గురించి.

నెల గడిచినంక రక్తపరీక్ష అన్నరు.
నక్కలగుట్టల మెట్ల కింది ల్యాబు,
ఫర్హీన్ అనే పిల్ల రబ్బరు పట్టీ కట్టి
నరం కోసం వేలితోటి తడిమింది,
నేను బురదనీళ్లల్ల వాలుగ జాడ తడిమినట్టే.
దొరికింది. ఓపిక తెలిసిన చెయ్యి.
చిన్న సీసల మూడు చెంచాలు గూడ కాదు,
వల గుంజినప్పుడు నా వేళ్లు తెగి కారేదే
అంతకంటె ఎక్కువుంటది.

దీన్ని హైదరాబాదుకు పంపుతరట, మంచు డబ్బల.
మంచుల పెట్టి పంపుడు నాకు తెల్వని పనా?
ఇరవై ఏండ్ల సంది బొచ్చెలను, రవ్వలను
థర్మాకోలు పెట్టెలల్ల పండబెట్టి పంపుతున్న.
బిడ్డ నెత్తురును పంపుడు
ఇదే మొదలు.

నాలుగొద్దులకు కాయితం వచ్చింది.
దాని మీద శాపల పేర్లు:
కాడు. ట్యూనా. సాల్మను.
ఒక్కటన్న మా చెరువుల ఈదిన మొఖం కాదు.
కొర్రమట్ట ఏది మేడం? బొచ్చె ఏది?
జెల్ల, మార్పు, పరక, ఎవరూ లేరేంది?
నా బిడ్డ తిన్నది రవ్వ ముక్క.
ఆ కాడును అది కండ్ల చూడలే,
చూడనిదాని మీద
దాని నెత్తురు పగ ఎట్ల పట్టింది?

ప్రసూన మేడం నవ్వలే. కుర్చీ ముందుకు జరిపింది.
సముద్రమైనా చెరువైనా కండల ఉండే మాంసకృత్తు
దాదాపు ఒక్క తీరుదే, అన్నది.
నెత్తురు పేరు చదవదు, ఆకారం చూస్తది.
ఊరు మారినా ఇంటిపేరు మారని
మా కులపోళ్ల లెక్క, అనుకున్న మనసుల.

పదిహేడు పాయింటు నాలుగు.
ఎక్కువనా, తక్కువనా?
వస్తదని చెప్తది గని,
ఎంత గట్టిగ వస్తదో ఈ అంకె చెప్పదు, అన్నది.
కాంట మీద అంకె పడ్డంక బేరం మొదలైతది నాకు.
ఈ అంకెతోటి బేరం లేదు.

ఇంటికాడ మా అత్త గొణిగింది,
గంగతల్లి శాపం, ఎవలు ఏం తప్పు చేసిన్రో అని.
సంహిత నోట్లె వేలు పెట్టుకొని ఆలోచించి
"అమ్మమ్మా, శాప అను చాలు,
ఆఖర్ల సున్న ఎందుకు?" అన్నది.
ఏడ్వబోయిన దాని తల్లి ఫక్కున నవ్వింది.

అప్పటి సంది వల సొసైటీ షెడ్డులనే ఉంటది.
నేను బోరింగు కాడ రెండు మాట్ల సబ్బు రుద్ది
నిమ్మచెక్క గోర్లల్ల పెట్టి
అంగీ మార్చి గడప తొక్కుత.
"కడుక్కున్నవా నాయినా?" అని లోపలి నుంచి అరుస్తది.
చేతులు చాపుత. వాసన చూడదు.
నమ్ముతది.
నేను మాత్రం రాత్రి దుప్పట్ల మళ్ల చూసుకుంట.

నిన్న లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీల
గీతలు కొట్టి గడులు చేసింది.
"మన చెరువుల ఉండేటియన్ని చెప్పు,
ఎవలన్న వీటికి గూడ పరీక్ష కనిపెట్టాలె గద."
చెప్పుకుంట పోయిన. రాసుకుంట పోయింది,
ఒక్కొక్క పేరు పక్కన ఖాళీ గడి ఇడిసిపెట్టి.
పాపెర కాడ ఆగి అడిగింది,
మామూలు రనా, బండి ఱనా అని.

ఏమో బిడ్డా.
ఆ పేరు నేనెన్నడు రాయలే,
పట్టుడే.