డబ్బా ఖాళీగా ఉంటే

రాణిగంజ్‌లో పద్దెనిమిది వందలన్నాడు,
పన్నెండుకిచ్చాడు.
అల్యూమినియం డబ్బా, గ్లాసంత,
పక్కన మట్టం చూసుకునే సన్న గొట్టం.
ఖుద్దూస్ భాయ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని
పుచ్చకాయ బేరమాడేవాడిలా కొట్టి చూశాడు.
"లోపల ఏం లేదు సువార్తమ్మా, ఉత్త గుల్ల.
గాలి ఇట్లొచ్చి అట్ల పోతది. నూనె యాడ ఆగాలె?"
పక్క కిరాణా కొట్లో అంట్లు తోమే స్టీలు పీచు కొనిపించాడు,
రెండుండలు.
విప్పి, సాగదీసి, చిల్లుల రేకు కింద కూరాడు.

భోలక్‌పూర్‌లో ఆ షెడ్డు.
తోళ్ల గోదాముల వాసనకి పది నిమిషాల్లో అలవాటు పడతాం,
రేకుల వేడికి పడం.
నా జీపుకి ఇరవై ఆరేళ్లు.
వికారాబాద్ అడవిలో ఎర్రమట్టి ఎక్కేటప్పుడు
వెనక నీలిపొగ, ఆ పొగలోంచి హారన్లు.
రింగులు అరిగాయి. పేలిన గాలి కొంత
సందు చూసుకుని కిందికి జారి,
నూనె తుంపరని వెంటేసుకుని పైకొస్తుంది.
తను వదిలిన ఊపిరే తను పీల్చి
గొంతు నిండా జిడ్డు పట్టించుకుంది పిచ్చిది.

ముందు పరీక్ష.
ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత విప్పి
అక్కడే బోర్లించి పెట్టాడు.
ఇద్దరం వంగి చూశాం.
మూత వణికింది, టకటక కొట్టుకుంది,
ఎగిరి పడలేదు.
"దుంకలే. ఇంక రెండేండ్లకు ఢోకా లేదు."

పాత స్కూటరు స్టెప్నీ పట్టీ కోసి డబ్బాకి కాలు చేశాడు.
సెగ తగలని మూల, బ్యాటరీ పక్కన.
"కొందరు నీళ్ల పైపేస్తరు. అది నూనె తాగి
మెత్తగయ్యి నోరు మూసుకుంటది.
గాలి ఊకుంటదా? సీళ్లు తన్నుకుని బయటికొస్తది."
గొట్టం ఎక్కడా మడత పడకుండా
పాపకి జడ వేసినంత నిదానంగా తిప్పాడు.

నేను పద్దెనిమిదేళ్లుగా కోఠీలో లాబ్ టెక్నీషియన్ని.
అయిదు వందల కిలోమీటర్లకి మర విప్పి వంచితే
మూత్రం సీసాలోకి ముప్పై ఎమ్మెల్.
చీటీ అంటించాను: తేదీ, కిలోమీటర్లు, రంగు.
కిటికీ గట్టు మీద వరస పెరిగింది.
డికాషన్. డికాషన్. ముదురు కషాయం.
ఆగస్టు ముసురులో పసుపుతెలుపు నురగ.
హెడ్డు పోయిందనుకున్నా, ఏడుపొక్కటే తక్కువ.
ఆయన వేలు ముంచి వాసన చూశాడు.
"చల్ల లెక్కుంది గానీ, వాన తేమ, అంతే.
తార్నాక నుంచి కోఠీకి పోతే ఇంజను వేడెక్కుతదా?
ఆదివారం రింగు రోడ్డు మీద గంటసేపు తోలు."
తోలాను. మళ్లీ డికాషనే.

డిసెంబరులో విప్పితే చుక్క రాలేదు.
అడుగు తళతళ మెరుస్తోంది.
నయమైపోయిందని సంబరంగా ఫోను చేశాను.
అవతల సుత్తి చప్పుడు ఆగింది.
"ఖాళీనా?
బండి తియ్యకు. నేనే వస్తున్న."

మంకీ టోపీతో వచ్చాడు.
టార్చి నోట కరచుకుని గొట్టం వెంట వేళ్లు నడిపాడు.
ఇంజను దగ్గర, క్లాంపు కింద, కనపడని వైపు
గోరంత చీలిక.
నెలన్నరగా అక్కడే కక్కుకుంటోంది,
గేరుబాక్సు దాకా నల్లగా.
"నిండితే భయపడకు. ఖాళీ ఉంటే భయపడు."

సిగ్గేసింది.
సాంపిల్ పడని సీసా మీద
నార్మల్ అని ఏనాడూ రాయలేదు నేను.

కొత్త గొట్టం బిగించి, మెట్ల మీద కూర్చుని,
చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర అడిగాడు.
"షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు భాయ్?"
"నాకేముంటది? ఏ బాధా లేదు.
మూడేండ్ల సంది దవాఖాన మొఖం చూడలే."
గర్వంగానే చెప్పాడు.
చెప్పి, బానెట్ వైపు చూసి, నా వైపు చూసి,
మెల్లగా చేతి గుండీ విప్పుకున్నాడు.
మోచేతి దాకా గ్రీజు.
నరం కనపడేసరికి
స్పిరిట్ దూది నాలుగుండలైంది.