ఐనోన్‌లో లీకు

రాత్రి రెండున్నర. ట్రియోర్కీలో వీధి వీధంతా నిద్ర.
కొండవాలున ఒకదాని భుజం ఒకటి పట్టుకున్న ఇళ్ళు.
నీళ్ళ కంపెనీ మనిషిని నేను.
కర్ర ఒక కొస పైపుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని
నేల కింద ఎక్కడ కారుతోందో వినడం నా ఉద్యోగం.

మూతపడ్డ చర్చి ముందు కర్ర పలికింది.
సన్నగా, ఆగకుండా,
పక్కగదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు.
గుమ్మం మీద రాతిలో ఒకే మాట: ఐనోన్.

తెల్లారి తాళంచెవి తెచ్చింది కైన్‌వెన్ ప్రోసర్.
ఎనభై రెండేళ్ళు, రబ్బరు బూట్లు, కోటు జేబులో పిప్పరమెంట్లు.
గ్రీకు నేర్చుకుందట, పోస్టాఫీసు కిటికీ వెనక,
స్టాంపులు అమ్ముతూ అమ్ముతూ.
"యోహాను బాప్తిస్మమిచ్చిన చోటు. ఊటలని అర్థం.
ఊట అన్నా కన్ను అన్నా వాళ్ళకొకటే మాట.
మా వెల్ష్‌లోనూ ఊటకి కన్నుంది."

లెక్క చూసుకున్నాను.
కొబ్బరికాయకి మూడు, చెరుకు గణుపుకి ఒకటి, నెమలి ఈకకి ఒకటి.
ఊటకి కన్ను పెట్టడం మావాళ్ళు మరిచారు,
కంటికి మాత్రం నీరు పెట్టారు.

"విను, ఐనోన్‌లో అనాలంటే గ్రీకులో పేరు చివర మారాలి.
ఇది మారలేదు. పరాయి మాట కదా, తోక ముట్టుకోనివ్వలేదు."
మా బళ్ళో దాన్ని అవ్యయం అంటారన్నాను.
అన్నాక ఆలోచించాను:
మా ఏరు, ఏటిలో అని వంగుతుంది. మా ఊరు, ఊరిలో. మా నోరు, నోటిలో.
సొంతవాళ్ళే వంగాలి.
లండన్ గాని ఐనోన్ గాని వస్తే
'లో' తనే లేచొచ్చి పక్కన కూర్చుంటుంది.

"అక్కడ నీళ్ళు చాలా ఉన్నాయి గనక, అని రాశాడు.
గ్రీకులో బహువచనం. ఇంగ్లీషువాళ్ళు ఏకవచనం చేశారు.
నలభై ఏళ్ళుగా నాకది మింగుడు పడదు."

నాకు నవ్వొచ్చింది. చుక్కయినా మాకు నీళ్ళే.
కనిగిరిలో ట్యాంకరు వెనక మా బిందె పదిహేడోది.
పదహారోది సగం నిండగానే పైపు దులిపి
నీళ్ళు అయిపోయాయి! అని అరిచేవాడు డ్రైవరు.
లేనివి కూడా బహువచనమే.

వేదిక చెక్కలు ఎత్తాం.
కింద తెల్ల పలకల తొట్టి, ఒకప్పుడు మనుషులు మునిగి లేచింది.
మోకాలి లోతు. అడుగున రెండు పలకల మధ్య చిన్న కదలిక.

గాజుగొట్టంలో పట్టి బిళ్ళ వేసి ఊపాను.
క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తిరగాలి.
కైన్‌వెన్ ఊపిరి బిగబట్టింది. నేనూ.
రంగు రాలేదు.
మా పైపువి కావు. ఎవరూ బిల్లు కట్టక్కర్లేనివి.
ఆమె ఏమీ అనలేదు. నా చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టింది.

ఫారంలో, లీకు: లేదు.
చోటు: ఐనోన్.
కారణం గడి ఖాళీగా వదిలితే ముందుకెళ్ళనివ్వదు,
నీళ్ళు చాలా ఉన్నాయి, అని ఇంగ్లీషులో కొట్టాను,
నీళ్ళ చివర ఎస్సు మరవకుండా.

మంగళవారానికి ఆఫీసులో ఎవరో
దాన్ని కొట్టేశారు.