తోడని నీటికి వెల

రెడ్‌హిల్స్ దాటాక బస్సు దిగి
భుజాన టేపు, చంకలో రిజిస్టరు.
ప్రతి బుధవారం బావుల గొంతులోకి తొంగిచూడటం నా ఉద్యోగం.

మొన్నటిదాకా ఈ ఊరు
ట్యాంకరుకింతని నీళ్ళమ్మింది.
మద్రాసులో ఎవరో తలంటు పోసుకుంటే
ఇక్కడెవరిదో మడి నెర్రెలిచ్చేది.
ఇప్పుడో కార్ల ఫ్యాక్టరీ
తాను తాగిన నీటికి ప్రాయశ్చిత్తంగా
కొత్త బేరం తెచ్చింది:
మోటారు ఆపండి, మట్టం అడుగు పెరిగితే ఇంత.
అమ్మకపోతే డబ్బులా!
ఊరంతా నవ్వింది. నవ్వుతూనే వేలిముద్రలేసింది.

దేశమ్మ బావిలో టేపు వదిలాను.
పోయిన నెల ముప్పై ఒకటి దగ్గర తడిసింది,
ఇప్పుడు ముప్పై నాలుగు.
"దిగిపోయింది" అన్నాను, తలెత్తకుండా.

"మోటారుకి సాలీడు గూడు కట్టింది, చూడు నాయనా.
నేను నోరు కట్టుకున్నా.
నీళ్ళకి గట్లు తెలుస్తాయా?
రాత్రి ఏళుమలై స్విచ్చేస్తాడు,
నా బావిలోంచి లేచి వాడి బావికి నడిచిపోతాయి.
ఏ గడిలో రాస్తావు దాన్ని?"

నాలుగే గడులు.
పేరు, సర్వే నంబరు, లోతు, మొత్తం.
మొత్తం దగ్గర సున్నా చుట్టాను.
పైనుంచి చూస్తే అదీ బావిలాగే ఉంది.

మరుసటి బుధవారం జ్వరం, వెళ్ళలేదు.
ఆ పై వారం దేశమ్మ
బుగ్గన పొగాకు నొక్కుకుని చెప్పింది:
"వాడి మల్లెతోటకి వారానికి రెండు రాత్రులు చాలు.
మిగతా రాత్రులు నాకమ్మమన్నా.
మీవాళ్ళిచ్చేదాంట్లో సగం వాడికి.
బేరం నాలుగు రోజులు పట్టింది,
అందులో మూడు తిట్టుకోడానికే పోయినాయి.
పదేళ్ళయింది కదా మాట్లాడుకుని."

టేపు వదిలాను.
ముప్పై మూడుంపావు.
"ముప్పావు అడుగు పెరిగింది."

ఆమె చెయ్యి చాపింది,
బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా
గాలిని కొలిచింది.
"జానెడు" అంది. "పొట్టంత."

ఏళుమలై పేరు రాయడానికి చోటు లేదు,
వాడు పథకంలో లేడు.
అంచున పెన్సిలుతో రాశాను,
పైవాళ్ళు చెరిపేసుకోవచ్చు.

బస్సుకోసం నిలబడ్డాను.
ఖాళీ ట్యాంకరొకటి
ఇక్కడ ఆగబోయి, ఆగక,
హారన్ కొట్టుకుంటూ
పక్కూరి మలుపు తిరిగింది.