మీటరున్నర లోతు

రాత్రి పదింటికి
నూటపన్నెండో కిలోమీటరు రాయికాడ
చేతిల డబ్బా ఆన్ చేస్త.
నేను నడుస్తున్ననని అది ఆకాశానికి చెప్తది.
కూసుంటే అదీ చెప్తది.
ఒంటికి పోయినా,
రెండు నిమిషాలు ఆగిండని చెప్తది.

చలివాగు దాటి, మక్క చేన్లు దాటి
ఎనిమిది కిలోమీటర్లు పోవుడు, ఎనిమిది వచ్చుడు.
కాళ్ల కింద మీటరున్నర లోతున
సముద్రం కాడ బయలెల్లిన గ్యాసు
నాతోని నడుస్తది.
నాతోని అన్న గని
ఎప్పుడూ అదే ముందు.
ఏడేండ్లాయె, దాన్ని చూడలే.
వాసన సుత ఉండదట,
ఇండ్లకు పంపేముందు కలుపుతరట ఆ కంపు,
మనం భయపడాలని.

బరువా సారు చెప్పిండు.
ఆయనది అస్సాం.
వాళ్ల ఊళ్లె పెండ్లిళ్లకు దీపాలు పెట్టకపోయేదట,
బావి మంట వెలుగే సరిపోయేదట.
"మీ దిక్కు ఏమున్నది నేలల?" అని అడిగిండు.
బొగ్గున్నది సార్, గోదారి ఒడ్డుకు.
మా నాయన ఇరవై ఆరేండ్లు లోపల నడిచిండు.
నేను పైన నడుస్తున్న.
ఆయన దగ్గు ఇంకా లోపల్నే ఉన్నది.

తెల్లారి పరకాల బస్టాండుల
చాయ తాగుకుంట పేపర్ల ఒక్కటే చూస్త,
పీపా ఎన్ని డాలర్లని.
పత్తి ధర అడిగితే చెప్పలేను,
పీపా ధర అడుగు, చెప్త.
అది పెరిగితే నా జీతం పెరగదు.
తగ్గితే మాత్రం కాంట్రాక్టరు మారుతడు,
కొత్తోడు కొత్త టార్చి ఇస్తడు,
రెండు నెలలు పైసలియ్యడు.

మొన్న ముసురు పట్టిన రాత్రి
నూటపదిహేడు కాడ లాంతరు కనబడ్డది.
గడ్డపార చప్పుడు.
విజిల్ నోట్లె పెట్టుకున్న,
ఊదలే.
మొగిలి.
పైపుకు ఈ పక్క, నాలుగడుగుల దూరంల తవ్వుతున్నడు.

"మొగిలన్నా, ఆపు."
ఆపలే.
"మా అవ్వ పొద్దుగూకంగ పోయింది.
నాయన పక్కకే పెట్టుమన్నది.
నాయన ఈడున్నడు,
మీ గొట్టం రాకముందుకెల్లి ఉన్నడు."

కాయితంల రాసున్నది,
పద్దెనిమిది మీటర్ల పట్టీల
ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు.
బొంద ముచ్చట రాసి లేదు.
బరువా సారుకు ఫోన్ కొట్టిన.
చానాసేపు సప్పుడు లేదు.
కంట్రోల్ రూముల ఏదో మిషన్ టిక్ టిక్ అన్నది.
"ఎంత లోతు?" అన్నడు ఆఖరికి.
మనిషంత లోతు సార్.
"పట్టీ బయట," అన్నడు. పెట్టేసిండు.

పడమటి దిక్కు మొగిలి నాయన,
ఆయన ఎన్కనే గెట్టు.
గెట్టవతల పాలోళ్ల చేను,
పదేండ్లసంది మాటల్లేవు.
ఇగ తూర్పుకే జరగాలె.
పసుపురంగు రాయికాడికెల్లి అడుగులు కొలిచిన,
పన్నెండు.
ఇంకొకటి ఎక్కువేసిన, భయానికి.
"గింత దూరమా?" అన్నడు మొగిలి.
ఏం చెప్త.
పార తీసుకున్న.

డబ్బా చెప్పింది,
ఒక గంట నలభై నిమిషాలు ఒక్కకాడనే ఉన్నడని.
కారణం అన్న గడిల
వాన అని రాసిన.
ఒకరోజు కూలి కోసిండ్రు.

తెల్లారంగ ముసలమ్మను తెచ్చిండ్రు.
ఇప్పుడు ఆమె ఇటు, ఆయన అటు,
నడుమల దేశం గ్యాసు
రాత్రింబగళ్లు ఉరుకుతనే ఉన్నది,
ఏ కార్ఖానకో, ఎవలి పొయ్యికో.
దానికి వీళ్లెవలో తెల్వది.
వీళ్లకు దాని వాసన తెల్వది.

దినాలయినంక మొగిలి రాయి పాతిండు.
పసుపు పూసిండు, వానకు పోయింది.
మళ్ల పూసిండు, మళ్ల పోయింది.
మా మార్కర్లకేసిన పెయింటు
డబ్బా అడుగున గిన్నెడు మిగిలుండె.
ఇచ్చిన.

ఈ నెల సర్వేకొచ్చిన పోరగాండ్లు
నూటపన్నెండుకెల్లి నూటఇరవై దాకా
పసుపు రాళ్లు లెక్కపెట్టిండ్రు.
ఒకటి ఎక్కువొచ్చింది.
నన్ను చూసిండ్రు.
నేను వాగు దిక్కు చూసిన.
మళ్ల మొదటికెల్లి లెక్కవెడుతున్నరు.